వీడియో పాస్టెల్ గ్రేడింగ్‌కి (రంగుల్ని లేతగా, మెత్తగా మార్చడానికి) ఏఐ ప్రాంప్ట్ రాసే ముందు జాగ్రత్తలు

– క్లిప్ లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దుకునేలా కెమెరా చప్పగా రికార్డు చేసే పద్ధతిలో) తీసిందా? ముందు రెక్.709కి (మామూలు టీవీ, స్క్రీన్ రంగుల ప్రమాణానికి) మార్చుకోండి. లాగ్ అసలే వెలిసినట్టుంటుంది. దాని మీదే పాస్టెల్ అడిగితే అంతా బూడిదరంగైపోతుంది.

– "పాస్టెల్" అన్న ఒక్క మాట చాలదు. నీడలు కాస్త తేలికవ్వాలి, సాచురేషన్ (రంగుల గాఢత) తగ్గాలి, కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) మెత్తబడాలి అని విడివిడిగా రాయండి. లేత గులాబీ, వెన్న రంగు, ఇలా రెండు మూడు రంగులు చాలు.

– చర్మం రంగు మార్చొద్దని తప్పకుండా రాయండి. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. అక్క పెళ్లి వీడియోకి ఆ మాట మరిచాను. పసుపు రాసిన చెంపలు పాలిపోయి, జ్వరం మనిషిలా కనిపించింది. చాలా బాధేసింది.

– 8 బిట్ ఫుటేజ్‌లో (రంగుల మెట్లు తక్కువుండే వీడియోలో) ఆకాశం చారలు పడొచ్చు. ముందు 5 సెకన్ల ముక్క మీద చూడండి.

– ఒరిజినల్ ఫైల్ వేరే డ్రైవ్‌లో ఉందా?