జూనియర్ సహోద్యోగి తప్పటడుగు వేస్తుంటే: ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి

చురుకైన జూనియర్ ఒకరు త్వరగా ఎదగాలన్న తొందరలో తమ ఉద్యోగానికే చేటు తెచ్చుకునే పని చేయబోతున్నారని అనిపించినప్పుడు, వెంటనే వెళ్లి చెప్పాలన్న ఆత్రమూ మనకెందుకులే అన్న సంకోచమూ ఒకేసారి కలుగుతాయి. ఏదో ఒకదానికి లొంగిపోకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఆ తప్పును తరువాత దిద్దుకునే వీలుందా, లేదా?

వీలుంటే చాలావరకు ఊరుకోవడమే మేలు. శక్తికి మించిన ప్రాజెక్టును నెత్తికెత్తుకోవడం, అనుభవం చాలని పదవికి దరఖాస్తు చేసి కాదనిపించుకోవడం వంటివి కొంతకాలం ఇబ్బంది పెట్టినా, ఎంత చెప్పినా తలకెక్కని సంగతులను నేర్పుతాయి. పైగా మీకు తప్పుగా కనిపించేది మీకు అలవాటు లేని పద్ధతి మాత్రమే కావచ్చు. మీరు ఒకే సంస్థలో ఏళ్ల తరబడి పనిచేశారు కనుక, రెండేళ్లకే ఉద్యోగం మారేవారు పొరబడుతున్నారని అనుకోవడం న్యాయం కాదు.

వెనక్కు తీసుకోలేని పనుల సంగతి వేరు. వేరే ఆఫర్ చేతిలో లేకుండానే ప్రమోషన్ ఇవ్వకపోతే రాజీనామా చేస్తానని బెదిరించడం, మేనేజరుతో ఒక్క మాటైనా చెప్పకుండా ఆయన పై అధికారికి ఫిర్యాదు పంపడం, తోటివారి పనిని తనదిగా చూపించుకోవడం వంటివి మనుషుల మనసుల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. ఇటువంటప్పుడు, ముఖ్యంగా ఆ జూనియరుకు తెలియని విషయమేదో మీకు తెలిసినప్పుడు, తప్పక చెప్పాలి. అయితే ఆ ఫిర్యాదు వేధింపుల గురించో అక్రమాల గురించో అయితే అది తప్పటడుగు కానే కాదు. దాన్ని ఆపే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

చెప్పాలని నిశ్చయించుకున్నాక, వారు ఆగిపోతే మీకేమైనా లాభముందా అని ఒక్కసారి నిజాయితీగా చూసుకోండి. వారు కోరుకుంటున్న పదవినే మీరూ ఆశిస్తున్నట్లయితే ఆ మాట మీ నోటి నుంచి రాకపోవడమే మంచిది; వారు నమ్మే మరో సీనియరుతో సంప్రదించమనడం మేలు.

ఇక చెప్పే తీరు గురించి ఎంత జాగ్రత్తపడినా ఎక్కువ కాదు. ఎవరైనా తన స్వేచ్ఛకు అడ్డు వస్తున్నారని అనిపిస్తే మనిషి వద్దన్న పనినే మరింత పట్టుదలగా చేయాలనుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1966లో ప్రతిపాదించారు. పనితీరుపై ఇచ్చే అభిప్రాయాల గురించి అంతకుముందు వెలువడిన పరిశోధనలను క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో కలిపి పరిశీలించినప్పుడు, సగటున మేలే జరిగినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గిందని తేలింది. దృష్టి పని మీది నుంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ ఫలితం తగ్గుతుందన్నది వారి వివరణ. అందుకే “మీకు తొందరెక్కువ” అన్న మాట నిజమే అయినా ఉపయోగపడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీటింగులో జూనియర్ ఒకరు తెరమీద పట్టికను చూపిస్తూ “నేను చేసిన విశ్లేషణ” అన్నారు. ఆ లెక్కలు రాబట్టిన సహోద్యోగిని తన ల్యాప్‌టాప్ మూసేసి, మీటింగు ముగిసేదాకా నోరు విప్పలేదు. ఇది చూసినవారు ఆ రోజో మరునాడో, చాట్‌లో కాకుండా ఏకాంతంగా కలిసి, ముందు “మీటింగు ఎలా జరిగిందనిపించింది?” అని అడిగి, వారు చెప్పేది పూర్తిగా వినాలి. ఆ తరువాత, “ఆ పట్టిక దగ్గర మీరు ఆమె పేరు చెప్పలేదు, ఆ తరువాత ఆమె మాట్లాడలేదు; వచ్చే నెల మీకు ఆమె సాయం అవసరమవుతుంది కదా, ఈ రోజే అందరికీ ఆమె పేరు ప్రస్తావిస్తూ ఒక ఈమెయిల్ పంపితే సరిపోతుందేమో చూడండి” అంటే చాలు. చూసింది చెప్పారు, దాని పర్యవసానం చెప్పారు, దిద్దుకునే దారి చూపారు. గుణదోష విచారణ జోలికి పోలేదు.

ఒక్కసారి చెప్పి వదిలేయండి. రెండోసారి చెబితే నస అవుతుంది, మూడోసారికి మిమ్మల్ని చూడగానే తప్పుకుంటారు. వారికి తెలియకుండా వారి మేనేజరు చెవిన వేయడం అంతకంటే హానికరం. తప్పుడు లెక్కలు చూపడం, గోప్యమైన సమాచారం బయటికి పంపడం వంటివి మాత్రం ఇందుకు మినహాయింపు. అక్కడ ఇతరులకు నష్టం కలుగుతుంది కనుక, పై అధికారికి తెలియజేయక తప్పదని వారికే ముందుగా చెప్పి తెలియజేయాలి, ఆధారాలు మాయమయ్యే ప్రమాదముంటే నేరుగా తెలియజేయాలి.

మీ మాట వినకుండా వారు దెబ్బతిన్నప్పుడు “ముందే చెప్పాను కదా” అనకండి. మేనేజరుకు రాయవలసిన వివరణ చిత్తుప్రతిని కలిసి చూద్దామా అని అడగండి.