అల్లా ప్రీమా: రంగు తడి ఆరేలోపు అంచులు తేల్చుకోవడం ఎలా?

అల్లా ప్రీమా అంటే ఇటాలియన్‌లో 'మొదటి ప్రయత్నంలోనే' అని. కింది రంగు ఆరేదాకా ఆగకుండా, తడి మీద తడి ఆయిల్ రంగు వేస్తూ ఒకే విడతలో బొమ్మ పూర్తి చేస్తారు. 1841లో జాన్ గోఫ్ రాండ్ తగరపు రంగుల ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాక ఆరుబయట ఇలా వేయడం తేలికైంది.

వైజాగ్‌లో మొదలుపెట్టేవాళ్లు ఉదయాన్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. చేపలు దించుతున్న పడవ వద్దు, కట్టేసి ఉన్నది ఒక్కటి చాలు. 8×10 అంగుళాల బోర్డు తీసుకోండి. రెండు గంటలు దాటితే నీడలు మారిపోతాయి, అంతకంటే పెద్దది పూర్తికాదు.

బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగును టర్పెంటైన్‌తో పల్చగా కలిపి బోర్డంతా పూసి, గుడ్డతో తుడవండి. తర్వాత కళ్లు చికిలించి చూడండి. తాళ్లు, రాతలు మాయమై నాలుగైదు పెద్ద మచ్చలే మిగులుతాయి. వాటినే వేయండి. ముదురు రంగు పల్చగా, వెలుగు మందంగా ఉండాలి. ఇది తారుమారైతే కింది రంగు లేచి అంతా బురదవుతుంది.

అసలు పని అంచులది. మళ్లీ కళ్లు చికిలించండి. అప్పుడు కూడా నిలిచిన గీత ఏది? మెరిసే నీటి మీద పడవ ముక్కు. దాన్ని పదునుగా ఉంచండి: బ్రష్ నిండా రంగు తీసుకుని, ఒక్కసారి లాగి వదిలేయండి. కింది తడి అడ్డొస్తే రంగులు కలిపే కత్తితో దాన్ని గీకేసి, మళ్లీ వేయండి. జాన్ సింగర్ సార్జెంట్ అంతటి అమెరికన్ చిత్రకారుడు కూడా నచ్చనిది గీకేసి మళ్లీ వేసేవారు. పడవ అడుగు మాత్రం నీటి నీడలో కలిసిపోతుంది. రంగులు వేరైనా ముదురుతనం ఒక్కటైతే అంచు దానంతటదే పోతుంది, గీత గీసి దాన్ని నిలబెట్టకండి. మంచు పట్టిన రోజు డాల్ఫిన్ నోస్ కొండ అంచు మెత్తగా ఉంటుంది. తుడిచిన పొడి బ్రష్‌ను కొండకూ ఆకాశానికీ మధ్య ఒకసారి నడిపితే సరి, ప్రతి దెబ్బకూ దాన్ని మళ్లీ తుడవాలి.

చాలామంది అన్ని అంచులనూ రుద్ది నున్నగా చేస్తారు. నేనూ ఏడాది పాటు అదే చేశాను, పడవలన్నీ దూదిలా వచ్చేవి. ఇప్పుడు మొదలుపెట్టే ముందే ఒక్క పదునైన అంచు ఎక్కడో నిర్ణయించుకుంటాను.

ఇంటికి తెచ్చేటప్పుడు బోర్డు మీద గుడ్డ కప్పకండి. అన్నిటికంటే మందంగా ఉండేది ఆ పడవ ముక్కే, ముందు చెరిగేదీ అదే.