పాలు చాలట్లేదని టెన్షన్ పడే ముందు

బెజవాడ ఎండలకి బిడ్డ గొంతు ఎండిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు చెంచాతో నీళ్లు పడతామంటారు, ఒప్పుకోకండి. ఆరు నెలలు నిండేదాకా దాహం కూడా తల్లిపాలతోనే తీరుతుంది, ఎండాకాలంలో ఇంకొంచెం తరచుగా పట్టండి, అంతే.

చనుమొన పగిలి మంట పుడుతోందంటే చాలాసార్లు తప్పు బిడ్డకి రొమ్ము పట్టించే తీరులోనే ఉంటుంది. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనేలా తిప్పుకుని, మొనతో పై పెదవిని తాకించి, ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకోండి (మీరు వంగితే నడుము పట్టేస్తుంది). మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. విడిపించేటప్పుడు లాగకుండా చిటికెన వేలు నోటి మూలలో పెట్టండి.

మొదటి వారాల్లో రోజుకి 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. ఐదో రోజు తర్వాత రోజుకి కనీసం 6 సార్లు ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే.

రొమ్ము రాయిలా గట్టిపడితే ముందు చేత్తో కొంచెం పిండి, మెత్తబడ్డాక పట్టండి. ఎర్రబడి జ్వరం కూడా వస్తే అదే రోజు డాక్టర్‌కి చూపించుకోండి, పాలివ్వడం మాత్రం ఆపకండి.