ఏ వయసులో బీపీ ఎంత ఉండాలి? ఇంట్లో చూసుకోవడం ఎలా?

"అరవై దాటాయి కదా, 150 ఉంటే ఏం కాదులే" అని చాలా ఇళ్లలో అంటుంటారు. వయసుకు వంద కలిపి చూసుకునే పాత లెక్క అది. దయచేసి వదిలేయండి. ఆ ధీమాతో బీపీని పట్టించుకోకపోతే పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

1. ముందు సరిగ్గా కొలవండి

కాఫీ తాగినా, సిగరెట్ కాల్చినా అరగంట ఆగండి. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. బీపీ మిషన్ పట్టీని చొక్కా మీద కాకుండా నేరుగా చర్మం మీద, మోచేతి మడతకు కాస్త పైన చుట్టాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే మిషన్ కొనేటప్పుడే చేతి చుట్టుకొలత చూసుకోండి. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసి పెట్టుకోండి.

2. అంకెలు చదవండి

పెద్దవాళ్లకు 120/80 లోపు ఉంటే మంచిది. ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో 140/90 గానీ, ఆపైన గానీ వస్తుంటే హైబీపీ. ఇంట్లో టెన్షన్ తక్కువ కాబట్టి 135/85 నుంచే లెక్క. రెండంకెల్లో ఏ ఒక్కటి దాటినా దాటినట్టే.

3. వయసును బట్టి చూడండి

13 ఏళ్లలోపు పిల్లలకు ఈ అంకెలు పనికిరావు. వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి డాక్టరు పట్టిక చూసి చెప్తారు. మూడేళ్లు నిండాక ఏటా ఒకసారి చూపించండి.

గర్భిణికి 140/90 వస్తే రేపు చూద్దాంలే అనుకోవద్దు. ముఖ్యంగా 20 వారాలు దాటాక బీపీతో పాటు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అశ్రద్ధ చేస్తే గుర్రపు వాతం, అంటే ఫిట్స్ రావచ్చు. కాన్పు అయ్యాక కూడా కొన్ని వారాలు ఈ జాగ్రత్త తప్పదు.

పెద్ద వయసులో రక్తనాళాలు గట్టిపడి పై అంకె పెరుగుతుంది, కిందిది తగ్గుతుంది. 160/70 చూసి "కిందిది బాగానే ఉందిగా" అనుకోకండి. మందులు వాడేవాళ్లు కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూసుకోండి. పై అంకె 20 పడిపోయినా, కళ్లు తిరిగినా డాక్టరుకు చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి.

4. ఉప్పు తగ్గించండి

రోజంతటికీ ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాముల లోపే. ఆవకాయ, అప్పడాలు, వడియాల్లోని ఉప్పూ అందులోదే.

5. ఎప్పుడు పరుగెత్తాలి?

180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.