పొటాషియం ఎక్కువ వచ్చిందా? ముందు కాల్షియం చూడండి

సమస్య ఇలా మొదలవుతుంది. రిపోర్ట్‌లో పొటాషియం 6.2 (లీటరుకు మిల్లీమోల్స్‌లో, నార్మల్ సుమారు 3.5 నుంచి 5). పేషెంట్ తన కాళ్ల మీద తాను నడిచి వచ్చి రక్తం ఇచ్చి వెళ్లాడు. కిడ్నీ జబ్బు లేదు, పొటాషియం పెంచే మందులూ వాడటం లేదు. మెషీన్‌లో కంట్రోల్స్ (ముందే విలువ తెలిసిన శాంపిల్స్) సరిగ్గానే ఉన్నాయి. అదే శాంపిల్ మళ్లీ పెడితే మళ్లీ 6.2.

ఇక్కడ చాలామంది అదే శాంపిల్‌ను మూడోసారి కూడా పెడతారు. తప్పు ట్యూబ్‌లోనే ఉంటే ఎన్నిసార్లు పెట్టినా అదే అంకె వస్తుంది. మెషీన్‌ను వదిలి ట్యూబ్‌ను చేతిలోకి తీసుకోండి.

దానికంటే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. శాంపిల్ మీద ఎంత అనుమానం ఉన్నా ఈ ఫోన్ ఆగకూడదు. అంకె ఎంత వచ్చింది, అనుమానం ఎందుకు, కొత్తగా రక్తం కావాలి అన్న మూడూ ఒకేసారి చెప్పండి. పొటాషియం నిజంగానే అంత ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కొత్త శాంపిల్ వచ్చేలోపు ఈసీజీ తీయాలా అన్నది డాక్టర్ చూసుకుంటారు.

సీరం (రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవం) ఎర్రగా ఉంటే

హీమోలైజ్ అయింది, అంటే ఎర్ర రక్తకణాలు పగిలాయి. ఎర్ర రక్తకణాల లోపల పొటాషియం బయట కంటే 20 రెట్లకు పైనే ఉంటుంది కాబట్టి కణాలు పగిలితే అంకె పెరుగుతుంది, దాంతోపాటు ఆ కణాల్లోనే ఉండే ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ ఎంజైమ్‌లు కూడా పెరుగుతాయి. స్పిరిట్ ఆరకముందే గుచ్చడం, సిరంజి ప్లంజర్‌ను గట్టిగా లాగడం, సూది తీయకుండానే రక్తాన్ని ట్యూబ్‌లోకి బలంగా నెట్టడం, ట్యూబ్‌ను మెల్లగా తిప్పకుండా ఊపేయడం... కారణాలు మీకు తెలిసినవే. మళ్లీ తీయాలి, వేరే దారి లేదు.

సీరం తేటగా ఉంటే

రక్తం తీసేటప్పుడు పిడికిలి మూసి తెరవమన్నారేమో అడగండి. ఆ ఒక్క పనికే పొటాషియం లీటరుకు 1 మిల్లీమోల్ దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. టూర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) నిమిషం దాటి ఉంచకూడదన్నది కూడా అందుకే. తర్వాత, సీరం వేరుచేయకుండా శాంపిల్ ఎంతసేపు ఉందో, ఎక్కడ ఉందో కనుక్కోండి. 'పాడవకుండా' అని సీరం వేరుచేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడతారు. చలికి పొటాషియాన్ని కణాల్లోపలికి లాగే పంపు మందగించి పొటాషియం బయటికి వచ్చేస్తుంది. కణాలు పగలవు కాబట్టి సీరం రంగు మారదు. జెల్ ట్యూబ్‌ను రెండోసారి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టినా అంతే, జెల్ కింద మిగిలిన సీరంలోని పొటాషియం పైకి వచ్చి కలుస్తుంది.

ఇవేవీ కాకపోతే అసలు దొంగను వెతకాలి. నన్ను అందరికంటే ఎక్కువగా ఏడిపించింది ఇదే.

పర్పుల్ ట్యూబ్ నుంచి వచ్చే కల్తీ

సీబీసీకి (రక్తకణాల లెక్క పరీక్షకు) వాడే పర్పుల్ ట్యూబ్‌లో ఉండేది ఈడీటీఏ, అదీ ఎక్కువగా పొటాషియం ఉప్పు రూపంలో. రక్తం గడ్డకట్టకుండా అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఆ ద్రవం కొంచెం సీరం ట్యూబ్‌లో పడితే పొటాషియం పెరుగుతుంది, కాల్షియం తగ్గుతుంది. ఏఎల్‌పీ (ఆల్కలైన్ ఫాస్ఫటేజ్) ఎంజైమ్ పనిచేయాలంటే జింక్, మెగ్నీషియం కావాలి. వాటినీ ఈడీటీఏ లాగేసుకుంటుంది కాబట్టి ఏఎల్‌పీ కూడా పడిపోతుంది. సీరం మాత్రం తేటగా, చక్కగా కనిపిస్తుంది.

పొటాషియం 14, కాల్షియం 3 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో) వస్తే కొత్తగా చేరినవాళ్లు కూడా పట్టుకుంటారు. ప్రమాదం కొంచెం కల్తీతోనే. పొటాషియం 5.8, కాల్షియం 8.4 అనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ నమ్మేలాగే ఉంటాయి, పక్కపక్కన పెట్టి చూస్తేనే అనుమానం వస్తుంది. కల్తీ మరీ తక్కువైతే కాల్షియం నార్మల్ హద్దులోనే ఉండిపోవచ్చు. అప్పుడు ఆ పేషెంట్ పాత రిపోర్ట్ తీయండి. ఎప్పుడూ 9.8 ఉండే కాల్షియం ఇవాళ 8.9కి దిగి, ఏఎల్‌పీ కూడా బాగా తగ్గి ఉంటే శాంపిల్‌ను నమ్మకండి.

ఇంకా దారుణమైనది ఒకటుంది. వాంతులతోనో, మూత్రం ఎక్కువగా పోయించే మందులతోనో పొటాషియం నిజంగా 2.7కి పడిపోయిన మనిషికి ఈ కల్తీ వల్ల 3.8 అని వస్తుంది. రిపోర్ట్‌లో ఏ గుర్తూ పడదు, ఎవరూ ఫోన్ చేయరు. అందుకే పొటాషియం ఎక్కువ వచ్చినప్పుడే కాదు, కాల్షియం, ఏఎల్‌పీ కారణం లేకుండా కలిసి తగ్గినప్పుడు కూడా ఆగి చూడాలి.

ఒక జాగ్రత్త. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ నిజంగానే ఉంటాయి. వాళ్లలో ఏఎల్‌పీ సాధారణంగా నార్మల్‌గానో ఎక్కువగానో ఉంటుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడకుండా కల్తీ అని తేల్చేయకండి.

కల్తీ ఎలా జరిగిందో తెలియాలంటే తీసినవాళ్లనే అడగాలి. "తప్పు చేశారా?" అంటే ఎవరూ చెప్పరు, అలా అడగడం న్యాయం కూడా కాదు. "ముందు ఏ ట్యూబ్ నింపారు? సీరం ట్యూబ్‌కి రక్తం చాలకపోతే ఏం చేశారు?" అని అడగండి. పర్పుల్ ట్యూబ్ నుంచి కొంచెం వంచామనో, మూతలు మారాయనో, సిరంజి సూది మొన పర్పుల్ ట్యూబ్‌లో తగిలిందనో అప్పుడు బయటపడుతుంది.

పరిష్కారం

మళ్లీ రక్తం తీయించండి, ఈసారి వరుస తప్పకుండా: కల్చర్ బాటిల్, నీలం సిట్రేట్, ఎరుపు లేదా పసుపు సీరం ట్యూబ్, ఆకుపచ్చ హెపారిన్, పర్పుల్, చివరికి గ్రే. చాలా గ్రే ట్యూబుల్లో పొటాషియం ఆక్సలేట్ ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. రక్తం తక్కువ వస్తే తక్కువ వచ్చిందని ల్యాబ్‌కి చెప్పండి, ఒక ట్యూబ్‌లోది మరో ట్యూబ్‌లో ఎప్పుడూ పోయకండి.

కొత్త శాంపిల్‌లో పొటాషియం దిగి, కాల్షియం, ఏఎల్‌పీ పైకి వస్తే కల్తీ ఖాయం. అప్పుడు మొదటి ట్యూబ్‌లోని పొటాషియం ఒక్కటే కొట్టేసి మిగతావి పంపడం చాలాచోట్ల చూస్తున్నాను. దయచేసి అలా చేయకండి. ఆ ట్యూబ్ ఫలితాలన్నీ రద్దు చేసి, కారణం రాయండి. ఇంత పడి ఉంటుందని లెక్కగట్టి అంకె సరిదిద్దడం అసలే వద్దు.

అరుదైనవి

ప్లేట్‌లెట్లు విపరీతంగా ఉంటే గడ్డకట్టేటప్పుడు వాటిలోంచి పొటాషియం వస్తుంది. సీబీసీ చూసి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ట్యూబ్‌లో తీయిస్తే తేలిపోతుంది. లుకేమియాలో లక్షల్లో ఉండే తెల్లకణాలు ట్యూబ్‌లోనే పగిలిపోవచ్చు, అక్కడ హెపారిన్‌లో కూడా తప్పు అంకె రావచ్చు. వంశపారంపర్యంగా వచ్చే కారణాలూ ఉన్నాయి కానీ వాటి దగ్గర మొదలుపెట్టకండి.

వరుసగా, పిడికిలి బిగించకుండా తీసి, వెంటనే వేరుచేసిన కొత్త శాంపిల్‌లో, ఈ అరుదైనవీ లేవని చూశాక కూడా 6.2 వస్తే, కాల్షియం, ఏఎల్‌పీ కూడా కదలకపోతే, అది పేషెంట్ పొటాషియమే. ట్యూబ్‌ను పక్కన పెట్టి, ఫోన్ తీసి డాక్టర్‌కు మళ్లీ చెప్పండి.