ఎర్రగీతలు సూడంగనే నోట్‌బుక్ మూసే పోరగాళ్లతోని ఇంగ్లీష్ దిద్దిచ్చుడెట్ల

నర్సంపేట దిక్కు హైస్కూల్ల ఇంగ్లీష్ చెప్త. మొదట్ల నేను గూడ రాత్రి పన్నెండు దాకా కూసోని ఒక్కో కాంపోజిషన్ మీద ముప్పై గీతలు గీసేటోన్ని, పోరగాళ్లేమో మార్కు సూస్కోని పక్కోనికెంతొచ్చిందో అడిగి నోట్‌బుక్ సంచిల వడేసేటోళ్లు. నా కష్టమంత బూడిదల వోసిన పన్నీరే.

గందుకే ముందుగాల మార్కు ఆపుండ్రి. 1988ల రూత్ బట్లర్ అనే ఆమె బడి పిల్లల మీద స్టడీ చేసి ఇదే సూపెట్టింది, ఉత్త కామెంట్ ఇస్తె పిల్లల ఇంట్రెస్ట్ నిలవడ్డది, దానికి మార్కు తగిలిస్తె ఆ ఫాయిదా పోయింది. అది ఇంగ్లీష్ రాసుడు మీద చేసింది గాదు గని మా క్లాసుల గూడ గంతే. పోరగాళ్లు తప్పులు దిద్ది తిరగరాసినంకనే మార్కు ఇయ్యాలె.

ఇగ అన్ని తప్పులు పట్టుకోకుండ్రి. ఈ వారం టెన్స్ అంటె టెన్సే. కరెక్ట్ ఆన్సర్ మీరు రాసియ్యొద్దు, గీత గీసి ఒక ప్రశ్న అడగాలె. మేడారం జాతర మీద ఒకమ్మాయి 'వి గో టు మేడారం, మై గ్రాండ్‌మదర్ గివ్ ఫిఫ్టీ కిలోస్ గోల్డ్' అని రాసింది. గో కింద గీత గీసి 'ఎప్పుడు పోయిండ్రు?' అని రాసిన. పోయిన జాతరకు సార్ అనుకుంటనే ఆగి, వెంట్ అని మార్చుకున్నది, వెనుక గివ్‌ను గూడ తనే గేవ్ చేసింది. గోల్డ్ దగ్గర మాత్రం గీత గియ్యలే, 'వేరే ఊరోడు సదివితె మీ నాయనమ్మకు అంత బంగారం యాడిదంటడు గదా?' అని రాసిన. పిల్ల నవ్వింది, మేడారంల బెల్లాన్నే బంగారమంటరని, మొక్కు తీరితె మనిషి ఎత్తు తూకమేస్తరని ఇంకో నాలుగు లైన్లు రాసింది. నేను అడగకున్నా రాసింది!

'ఏ', 'ది' అసొంటి ఇంగ్లీష్ ఆర్టికల్స్ తెలుగుల లెవ్వు, గీతలతోని రావు, యేరుగ ఒక క్లాస్ వెట్టాలె.

అన్నిటికన్న ముఖ్యం టైమ్. నోట్‌బుక్ ఇచ్చి ఇంటికాడ దిద్దుకరమ్మంటె ఎవ్వడు దిద్దడు. క్లాసులనే పదిహేను నిమిషాలియ్యుండ్రి, కింద ఏం మార్చిండ్రో, ఏది మార్చలేదో, ఎందుకో రెండు లైన్లు రాయిపియ్యుండ్రి, తెలుగుల రాసినా మంచిదే. ఆ పిల్ల రాసింది నా దగ్గర ఇంకా ఉన్నది: 'సార్, ది సంగతి వచ్చేవారం చెప్తానన్నరు, రెండు వారాలాయె.'