కోతల కథ కట్టడం - 4వ పాఠం: చలికి కొలత

పోయిన పాఠం చివర, అమెరికాలోని మిన్నెసోటా అడవిలో చెట్లు కొట్టేవాళ్ల క్యాంపు, చలికాలం రాత్రి, అక్కడి కోతల కథల నాయకుడు పాల్ బన్యన్. వీటితో నాలుగు వాక్యాలు రాయమన్నాను. వచ్చినవాటిలో చాలావరకు ఒకేచోట బోల్తాపడ్డాయి. అందుకే ఈసారి చెబుతానన్న పెకోస్ బిల్ అనే కౌబాయ్ కథని వచ్చే పాఠానికి జరిపి, ముందు ఆ చలి సంగతి తేల్చేద్దాం.

"ఎముకలు కొరికే భయంకరమైన చలి. లోకం అలాంటి చలిని ఎన్నడూ చూడలేదు. మహాబలుడైన పాల్ బన్యన్ ఒక్క అరుపు అరిచేసరికి మంచు అంతా కరిగిపోయింది." ఇంచుమించు అందరిదీ ఇదే వరస. చలి ఎంతో చదివేవాళ్లకి తెలియలేదు. పైగా పాల్ బన్యన్‌కి ఎక్కడలేని మహిమలు వచ్చేశాయి. అతనికి వరాలూ లేవు, మంత్రాలూ లేవు. అడవిలో చెట్లు కొట్టించే మేస్త్రీ అతను. మనిషి భారీగా ఉంటాడు, పని మాత్రం అందరూ చేసేదే. మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా క్యాంపుల్లో పొద్దంతా గొడ్డలి పట్టినవాళ్లు రాత్రి పొయ్యి చుట్టూ చేరి చెప్పుకున్న కథలకు తగ్గట్టే, ఇందులో చిక్కులన్నీ పని దగ్గరే వస్తాయి. దుంగలు లాగే దారి వంకరగా ఉంది, ఏం చేయాలి? దారి కొసని బేబ్ అనే నీలం ఎద్దుకి కట్టి లాగించారు. వంకరలు పోయాయి. అంతే.

ఆ బేబ్ ఎంత పెద్దది? రెండు కళ్ల మధ్య 42 గొడ్డలి పిడులు, ఆపైన ఒక పొగాకు బిళ్ల. ఇక్కడ కాసేపు ఆగండి. కొండంత ఎద్దు అనలేదు. గొడ్డలి పిడి కూలీ చేతిలో ఉండేది, నమిలే పొగాకు బిళ్ల జేబులో ఉండేది. 42 దగ్గర ఆపేస్తే అది ఊరికే అన్న అంకె. బిళ్ల చేరేసరికి, ఎవరో ఎద్దు మొహం మీదికెక్కి పిడి పక్కన పిడి పెట్టుకుంటూ పోయినట్టు, చివర్లో పిడి పట్టని కాస్త జాగా మిగిలితే జేబు తడుముకున్నట్టు కళ్లకి కడుతుంది. వంద, వెయ్యి, లక్ష లాంటి అంకెలు నేను వాడను. అవి వినగానే ఎవరూ కొలవలేదని తెలిసిపోతుంది.

మీలో ఒకరు దీపం మంట గడ్డకట్టిందనీ, ఆర్పడం కుదరక విరిచి బయట పారేశారనీ రాశారు. చాలా బాగుంది. కానీ అక్కడే ఆగిపోయారు. పారేసిన మంట వసంతంలో కరగదా? కరిగితే కింద ఎండుగడ్డి అంటుకోదా? ఒక అబద్ధం చెప్పాక దాని వల్ల క్యాంపులో ఎవరికి ఏ పని పెరిగిందో చూడండి. మాటలు గాల్లోనే గడ్డకట్టి, మంచు కరిగే రోజుల్లో అన్నీ ఒకేసారి వినబడ్డాయన్న పాత కథ నడిచేది ఈ లెక్క మీదే.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. "మీరు నమ్మరు కానీ", "ఔరా", "ఎంత ఆశ్చర్యం", వరసగా మూడు ఆశ్చర్యార్థకాలు. దయచేసి కొట్టేయండి. కథ చెప్పేవాడు ఆశ్చర్యపోతే వినేవాడికి చేయడానికి పనేమీ మిగలదు. పాల్ క్యాంపులో పాన్‌కేక్‌ల పెనం ఎంత పెద్దదంటే, కుర్రాళ్లు కాళ్లకి పంది మాంసం ముక్కలు కట్టుకుని దాని మీద స్కేటింగ్ చేస్తూ కొవ్వు పూసేవాళ్లు. దీన్ని వంటవాడు రేపటి పనులు పురమాయిస్తున్నంత మామూలుగా చెప్పాలి. "ఎంత వింత పెనమో చూడండి" అన్నారా, పెనం చల్లారిపోయినట్టే.

జిమ్ బ్రిడ్జర్ (1804-1881) నిజంగా ఉన్న మనిషి. అమెరికా రాకీ పర్వతాల్లో బొచ్చు కోసం బీవర్లనే నీటి జంతువులను పట్టి బతికాడు, తర్వాత ప్రయాణికులకి దారి చూపించే పని చేశాడు. ఒక కొండ దగ్గర ప్రతిధ్వని తిరిగి రావడానికి 8 గంటలు పడుతుందని ఆయన పేరు మీద ఒక కథ ఉంది. రాత్రి పడుకోబోయే ముందు "లేవండి, తెల్లారింది" అని అరిచేవాడట, పొద్దున్నే అది వచ్చి లేపేది. కొండ గురించి ఒక్క పొగడ్త లేదు. దాన్ని అలారంలా వాడుకున్నాడు, అంతే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డేవీ క్రాకెట్‌ది. ఆయన టెన్నెసీ నుంచి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి ఎన్నికై, 1836లో టెక్సాస్‌లోని అలామో కోట యుద్ధంలో చనిపోయాడు. ఆయన పేరుతో ఆల్మనాక్‌లు, అంటే కథలు కూడా వేసే పంచాంగాలు మాత్రం 1850లలో కూడా అచ్చవుతూనే వచ్చాయి. వాటిలో ఒక కథ: చలికి భూమి ఇరుసు బిగుసుకుపోయి తెల్లారడం ఆగిపోయింది. క్రాకెట్ చంపిన ఎలుగుబంటిని పిండి, ఆ నూనె ఇరుసులో పోసి, ఒక్క తన్ను తన్నాడు. భూమి కదిలింది. సూర్యుడి మంటతో పైపు వెలిగించుకుని, ఉదయం ముక్క ఒకటి జేబులో వేసుకుని ఇంటికెళ్లాడు. బండి చక్రం బిగిస్తే ఏం చేస్తారో భూమికీ అదే చేశాడు.

కొందరు ఇవి అసలు జానపద కథలేనా అని అడిగారు. కొంతవరకే. పాల్ బన్యన్ 1900ల తొలి ఏళ్లలో అచ్చులోకి వచ్చాడు, 1914 నుంచి ఒక కలప కంపెనీ ప్రకటనల పుస్తకాలతో దేశమంతా తెలిశాడు. పెకోస్ బిల్ 1923లో ఒక పత్రికలో పుట్టాడు. కథ కట్టడం నేర్చుకునేవాళ్లకి ఇంతకుమించి అక్కర్లేదు. జాన్ హెన్రీని మాత్రం ఈ అభ్యాసాల్లోకి తేకండి. ఆవిరి డ్రిల్లుతో పోటీపడి గెలిచి, సుత్తి చేతిలో ఉండగానే చనిపోయిన కార్మికుడి పాట అది. నవ్వించడానికి వాడుకోవడం నాకు ఇష్టం లేదు.

అభ్యాసం. అదే క్యాంపు, అదే చలి, ఈసారి వంటవాడి వైపు నుంచి 12 వాక్యాలు. మొదటి 4 పూర్తిగా నిజం కావాలి: పొయ్యి, పిండి, నీళ్లు, రేకు పళ్లేలు. అయిదోదాంట్లో ఒక్క కోత, వంటగదిలో దొరికే వస్తువుతో కొలిచి. తర్వాతవన్నీ దాని వల్ల వచ్చిపడిన పనులు. ఒక్క విశేషణం ఉండకూడదు, "చలి" అన్న మాట కూడా వాడకూడదు. నేనైతే చివరి వాక్యం ముందే రాసుకుంటాను, అందరిలోకీ చప్పగా ఉండేది అదే కావాలి. రాశాక ఇంట్లో ఎవరికైనా నవ్వకుండా చదివి వినిపించండి. అయిదో వాక్యం దగ్గరే వాళ్లు నవ్వితే, మిగతా ఏడూ మళ్లీ రాయండి.